బీచ్ రోడ్డుకి పొద్దున ఇంకో మొహం

వైజాగ్ బీచ్ రోడ్డు అనగానే చాలామందికి సాయంత్రమే గుర్తొస్తుంది. మురీ మిక్చర్ బండ్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తుల వాసన, సబ్‌మెరైన్ ముందు సెల్ఫీలు, పార్కింగ్ దొరక్క విసుక్కునే కార్లవాళ్లు. సెలవులకొచ్చిన చుట్టాలని తీసుకెళ్లి తిప్పే రోడ్డు అది. దానికి ఇంకో మొహం ఉంది. అది చూడాలంటే చీకటితోనే లేవాలి.

తెల్లవారుజామున కోస్టల్ బ్యాటరీ దగ్గర్నుంచి పార్క్ హోటల్ వైపు బారికేడ్లు అడ్డం పెట్టి కాసేపు బళ్లని రానివ్వరు. హారన్ లేని రోడ్డు ఎలా ఉంటుందో మన తరానికి పెద్దగా తెలీదు. ఆ కాసేపూ అలల చప్పుడు అవతలి వైపు మేడల దాకా వినిపిస్తుంది. అంత వెడల్పు రోడ్డూ నడిచేవాళ్లదే. రిటైరైన పెద్దాయనలు రాజకీయాలు మాట్లాడుకుంటూ అయిదుగురు అడ్డంగా నడుస్తారు. పిల్లలు స్కేటింగ్ చేస్తారు. కొందరు రోడ్డు మధ్యలో షటిల్ ఆడతారు. నేవీ కుర్రాళ్లు గుంపుగా, అందరి బూట్లూ ఒకేసారి నేలకి తగిలేలా పరిగెత్తుకుంటూ మన పక్కనుంచి వెళ్లిపోతారు. రాగి జావ, మొలకల బండ్లు అప్పటికే తెరిచి ఉంటాయి. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నేరుగా నీళ్లలోంచే లేస్తాడు. జూన్‌లో అయితే అయిదున్నరకల్లా వెలుతురు కళ్లల్లో పొడుస్తుంది.

నేను పరుగు నేర్చుకున్నది ఈ రోడ్డు మీదే. నేర్చుకున్నది అనే మాట కొంచెం వింతగా ఉందేమో. పరుగు నేర్చుకోవడం ఏంటి, చిన్నపిల్లలు కూడా పరిగెడతారుగా అంటారు. నిజమే, కాళ్లకి నేర్పక్కర్లేదు. నాకు నేర్పాల్సి వచ్చింది గుండెకి.

నాది సాఫ్ట్‌వేర్‌లో బ్యాకెండ్ పని. హైదరాబాద్‌లో నాలుగేళ్లు చేసి, వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికాక ఇంటికి వచ్చేశా. నెలలో ఒక వారం ఆన్‌కాల్. అంటే ఏ అర్ధరాత్రి సర్వర్ పడిపోయినా ముందు నా ఫోనే మోగుతుంది. ఆ మోతకి ఒక ప్రత్యేకమైన రింగ్‌టోన్ ఉంటుంది. ఆ ఉద్యోగం చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, సినిమాలో అలాంటి చప్పుడు వచ్చినా ఉలిక్కిపడతాం. కొన్నాళ్లకి ఫోన్ మోగకపోయినా మెలకువ రావడం మొదలైంది. గుండె దడదడ. అరచేతుల్లో తిమ్మిరి. ఇదే ఆఖరి రాత్రి అన్నట్టు ఒక భయం. రెండోసారి అలా అయినప్పుడు నాన్న అప్పటికప్పుడు కారు తీశారు. ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ మామూలుగానే ఉన్నాయి. డాక్టరుగారు దాన్ని పానిక్ అన్నారు. కౌన్సెలింగ్‌కి రాసిచ్చి, రోజూ నడవమన్నారు, కుదిరితే మెల్లగా పరిగెత్తమన్నారు.

"పరిగెత్తితే గుండె కొట్టుకుంటుంది కదండీ, నా భయమే అది కదా" అన్నాను.

"అందుకే చెప్తున్నా" అన్నారాయన.

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటికి నేను మెట్లు ఎక్కడం మానేసి లిఫ్ట్ కోసం నిలబడుతున్నాను. బస్సు అందుకోవడానికి నాలుగు అడుగులు గబగబా వేయడం కూడా మానేశాను. చూసేవాళ్లకి అది బద్ధకం. లోపల జరుగుతున్న లెక్క వేరు: గుండె వేగంగా కొట్టుకుందంటే ప్రమాదం వచ్చినట్టే, కాబట్టి కొట్టుకోనివ్వకూడదు. ఆ లెక్క ప్రకారం బతికితే మన ప్రపంచం రోజుకి కొంచెం చొప్పున కుంచించుకుపోతుంది. జిమ్ పోయింది, ట్రెక్ పోయింది, స్నేహితురాలి పెళ్లిలో డాన్స్ పోయింది.

పరుగు మొదలుపెట్టేవాళ్లందరికీ ఇదే భయం ఉండకపోవచ్చు. కానీ ఏదో ఒకటి మాత్రం ఉంటుంది. లావుగా ఉన్నానని ఒకరికి, అందరికంటే వెనకబడతానని ఒకరికి, మోకాళ్లు పోతాయని ఒకరికి. ఆడపిల్లలకి వీటన్నిటి మీద చీకటి, చూపులు అదనం.

అమ్మ భయం కూడా చీకటే. "ఒక్కదానివీ అయిదింటికి ఎలా వెళ్తావే" అని మూడు రోజులు గొడవ. చివరికి పక్కింటి పిన్ని తోడొస్తానంది. పిన్నికి యాభై దాటాయి. షుగర్ ఉంది. పంజాబీ డ్రెస్సు, వాళ్లబ్బాయి వదిలేసిన స్పోర్ట్స్ షూ, చేతిలో చిన్న టార్చిలైటు. ఆవిడ నడుస్తుంది, నేను పరిగెడతాను అన్నది ఒప్పందం. కొన్ని వారాల పాటు మా ఇద్దరి వేగంలో పెద్ద తేడా లేదన్న సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చు.

నేను పట్టుకున్న పద్ధతి కౌచ్ టు 5కె. సోఫాలో కూర్చునే మనిషిని తొమ్మిది వారాల్లో అయిదు కిలోమీటర్లు పరిగెత్తించడానికి జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో తయారుచేసిన ప్లాన్. ఉచితంగా యాప్‌లు కూడా ఉన్నాయి. వారానికి మూడు రోజులే. మొదటి వారం అయిదు నిమిషాలు చురుగ్గా నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక, అలా మొత్తం ఇరవై నిమిషాలు. చదివితే నవ్వొస్తుంది, నిమిషమేనా అని. కాళీమాత గుడి దగ్గర మొదలుపెడితే ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలిసొచ్చింది. పూలమ్మే ఆవిడ బుట్ట సర్దుకుంటూ, "ఏటి పాపా, ఎవులు తరుముతున్నారేటి?" అంది. పిన్ని వెనకాల నుంచి గట్టిగా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ పరిగెత్తడం కుదరదు, ఆగిపోవాల్సి వచ్చింది. నా మొదటి విశ్రాంతి అలా దొరికింది.

ఆయాసం గురించి ముందే ఎవరైనా ఒక ముక్క చెప్పుంటే బావుండేది. పరుగు మొదలైన తొలి నిమిషాల్లో కండరాలు ఒక్కసారిగా ఆక్సిజన్ అడుగుతాయి. గుండె, ఊపిరితిత్తులు ఆ స్థాయికి రావడానికి కాస్త టైం పడుతుంది. ఆ మధ్యలో ఉన్నదే మనకి 'చచ్చిపోతున్నా' అనిపించే ఘట్టం. కొత్తవాళ్లలో చాలామంది సరిగ్గా అక్కడే ఆగి 'నాకు పరుగు పడదు' అని తీర్మానించేస్తారు. దానికి తోడు మొదటి రోజే నేవీ కుర్రాళ్లలా దూసుకెళ్లాలని చూస్తారు. కొత్తవాళ్లకి సరైన వేగం ఏదంటే, పరిగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగేది. దీన్ని టాక్ టెస్ట్ అంటారు. మాకు దానికి పరికరం అక్కర్లేదు, పిన్ని ఉంది. "ఈరోజు మీ ఇంట్లో కూరేంటి?" అని అడుగుతుంది. "ఆనపకాయలో పాలు పోసి వండుతోంది పిన్నీ" అని ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే వేగం సరిపోయినట్టు. "ఆ...న...ప" అన్నానంటే తగ్గించాలి. (ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎడమ చెయ్యి లాగడం లాంటివి మాత్రం టాక్ టెస్ట్ విషయం కాదు. వెంటనే ఆగాలి, డాక్టర్ని కలవాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదలుపెట్టే ముందే కలవడం మంచిది.)

పాజిటివ్‌గా ఆలోచించు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి రెండింటికి దడ వచ్చినప్పుడు పాజిటివ్‌గా ఆలోచించడం ఎలాగో ఆ రీల్స్ చేసేవాళ్లు ఒక్కసారి చూపిస్తే బావుండు. నాకు పనికొచ్చింది చాలా చిన్న పని. కౌన్సెలర్ చెప్పారు: బయల్దేరే ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నావో ఫోన్‌లో ఒక లైను రాయి, తిరిగొచ్చాక ఏం జరిగిందో పక్కన రాయి. అంతే. ఇంజనీరింగ్ చదివిన బుర్రకి ఇది నచ్చింది. అంచనా ఒక పక్క, లాగ్ ఒక పక్క.

ఆ నోట్స్‌లోంచి కొన్ని చెప్తా. 'గుండె ఆగిపోతుంది' అని రాసుకున్న రోజు జరిగింది, ఎడమ పక్కటెముకల కింద పోటు. నడిస్తే రెండు నిమిషాల్లో తగ్గింది. 'అందరూ నన్నే చూస్తారు' అని రాసుకున్న రోజు ఒకాయన చూశారు. టైం ఎంతైందని అడిగారు. 'కుక్కలు తరుముతాయి' అని రాసుకున్న రోజు నిజంగానే ఒకటి తరిమింది. పిన్ని అరిచిన అరుపుకి నేను ఆగాను, నేను ఆగితే అదీ ఆగింది. కదిలేదాన్ని తరమడం కుక్కకి సహజం. దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడుచుకుంటూ పోతే చాలాసార్లు వదిలేస్తుంది. ఒకవేళ కరిస్తే మాత్రం సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. నా భయాల్లో కాస్తయినా నిజమైంది ఆ ఒక్కటే. అది కూడా నేను ఊహించుకున్నంత లేదు.

ఈ రోడ్డులో నాకు బాగా నచ్చేది, దూరాన్ని మీటర్లలో లెక్కపెట్టక్కర్లేకపోవడం. కాళీమాత గుడి, విక్టరీ ఎట్ సీ, సబ్‌మెరైన్, దానికెదురుగా విమానం. 1971 యుద్ధం గుర్తుగా కట్టిన స్తూపం దాకా ఒక విడత. ఐఎన్ఎస్ కురుసుర దాకా ఇంకో విడత. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా నీళ్లలో తిరిగి, 2002 నుంచి ఇసుకలో నిలబడి ఉన్న జలాంతర్గామి అది. చిన్నప్పుడు స్కూల్ టూర్‌లో లోపలికెళ్లి, ఇంత ఇరుకులో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారా అని అనుకున్నాను. రోడ్డుకి అటువైపు టీయూ-142 విమానం. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద కాపలా కాసి ఇప్పుడు అదీ మ్యూజియం. ఒకటి నీటి అడుగున, ఒకటి ఆకాశంలో, రెండూ రిటైరై ఎదురెదురుగా కూర్చున్నాయి. పొద్దున్నే అక్కడ కబుర్లు చెప్పుకునే పెద్దాయనల్లాగే.

కౌచ్ టు 5కె చేసినవాళ్లని ఎవర్నైనా అడగండి, అయిదో వారం మూడో రోజు గురించి చెప్తారు. అప్పటిదాకా పరుగు, నడక, పరుగు, నడక. ఆ వారం మొదటి రోజు అయిదేసి నిమిషాలు మూడుసార్లు. రెండో రోజు ఎనిమిదేసి నిమిషాలు రెండుసార్లు. మూడో రోజు ఉన్నట్టుండి ఇరవై నిమిషాలు, మధ్యలో నడక లేదు. నేను ఆ లైను చూసి, యాప్‌లో బగ్ ఉందేమో అనుకున్నా. బగ్ కాదు. అదే ప్లాన్.

ఆ రోజు పొద్దున నోట్స్‌లో రాసుకున్నది 'పానిక్ వస్తుంది' అని. వచ్చింది కూడా. విక్టరీ ఎట్ సీ దాటేదాకా బానే ఉంది. సబ్‌మెరైన్ దగ్గరికొచ్చేసరికి ఏడో నిమిషం. గుండె చెవుల్లో వినిపిస్తోంది. అరచేతుల్లో ఆ పాత తిమ్మిరి. సరిగ్గా రాత్రి రెండింటి సరంజామా మొత్తం వచ్చి నిలబడింది, ఎదురుగా సూర్యుడు లేస్తుంటే.

ఆగలేదు. వేగం మాత్రం బాగా తగ్గించా, పిన్ని నన్ను దాటి వెళ్లేంత. మా పనిలో రోజూ చూసే గ్రాఫ్ ఒకటి గుర్తొచ్చింది. సర్వర్ మీద సీపీయూ ఎనభై శాతం చూపిస్తుంటే కొత్తగా చేరినవాళ్లు కంగారుపడతారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఒకటే అడుగుతారు: ట్రాఫిక్ ఉందా? పండగ సేల్ నడుస్తుంటే ఎనభై ఉండాల్సిందే, ఆ మెషీన్ ఉన్నదే దానికి. ఎవరూ వాడని టైంలో ఎనభై చూపిస్తే అప్పుడు వెతకాలి. నన్ను నేను అదే అడిగా. ట్రాఫిక్ ఉందా? ఉంది. కాళ్లు కదులుతున్నాయి, చెమట కారుతోంది, గాలిలో ఉప్పు తేమ. గుండె ఇలా కొట్టుకోవడానికి కారణం నా కళ్ల ముందే ఉంది. రాత్రి మంచం మీద వచ్చే దడకి లేనిది అదే, కారణం.

తిమ్మిరి వెంటనే పోలేదు. పదో నిమిషం దాకా ఉండి, ఎప్పుడు పోయిందో గమనించేలోపు పోయింది. ఇరవయ్యో నిమిషం బీప్ కొట్టినప్పుడు నేను పార్క్ హోటల్ దగ్గరపడుతున్నా. గొప్ప ఆనందం లాంటిదేమీ రాలేదు. ఫుట్‌పాత్ అంచున కూర్చుని మెడ మీద రెండు వేళ్లు పెట్టి నాడి చూసుకుంటూ ఉండిపోయా. గబగబా కొట్టుకుంటున్నది మెల్లగా, మెట్లు దిగినట్టు దిగుతోంది. గుండె తనంతట తాను దిగి రావడం అంత శ్రద్ధగా నేనెప్పుడూ చూడలేదు. భయపడేవాళ్లం ఎక్కేటప్పుడే చూస్తాం, దిగేటప్పుడు చూడం.

పిన్ని మంచినీళ్లు అందించి, "నేనూ పరిగెత్తితే బావుణ్ణు. తొమ్మిదో తరగతి తర్వాత పరిగెత్తలేదు" అంది. ఎందుకు ఆగిపోయారని అడిగితే, పెద్దమనిషి అయ్యాక ఆటలు మాన్పించారంది. ఏదో రేషన్ కార్డు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఇది పిన్ని ఒక్కదాని కథ కాదు, లోకంలో పెద్దపెద్దవాళ్లే ఆడవాళ్ల పరుగుని మాన్పించారు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్లు అలసిపోయారని తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాత్రిన్ స్విట్జర్ పరిగెడుతుంటే నిర్వాహకుడొకాయన వెంటపడి ఆమె నంబరు లాగేయబోయాడు. ఒలింపిక్స్‌లో మహిళల మారథాన్ వచ్చేసరికి 1984 అయింది. అలసిపోవడం మగవాళ్లకైతే పౌరుషం, ఆడవాళ్లకైతే అనర్హత. ఈ ముక్క చెప్తే పిన్ని, "మా నాన్నొక్కడే అనుకున్నా" అంది.

అంత దూరం ఎందుకు, మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి లేదూ? సెక్యూరిటీ గార్డు కూతురు. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి చెక్కుచెదరని జాతీయ రికార్డుని 2022లో బద్దలుకొట్టింది. పదమూడు సెకన్లలోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ. ఆమె పరుగుల్లో నేను మళ్లీ మళ్లీ చూసేది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్, 2023ది. పక్క లేన్‌లోని చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు ఈమెని కూడా తప్పించబోయారు. స్టేడియం నిండా అవతలి దేశపు జనం. జ్యోతి అక్కడే నిలబడి, నేను ముందు కదల్లేదు, వీడియో చూడండి అని వాదించింది. అంత గొడవ తర్వాత మళ్లీ బ్లాక్స్‌లో కూర్చుని పరిగెత్తింది. మూడో స్థానం వచ్చింది, తర్వాత చైనా అమ్మాయి మీద అనర్హత వేటు పడి అది రజతమైంది. ఆ అయిదు నిమిషాల్లో ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుని ఉంటుందా అని నాకు ఆలోచన. నా ఎనభై శాతం దేనికి చాలుతుంది.

పిన్ని పరుగు మొదలైంది మాత్రం ఈ కథలేవీ విని కాదు. డాక్టర్ని అడిగి సరే అనిపించుకుంది. ఒక మంగళవారం జనం తక్కువున్నారని చూసుకుని, "ఈ సబ్‌మెరైన్ ఈ చివర్నుంచి ఆ చివరికి" అంది. కురుసుర పొడవు 91 మీటర్లు. చున్నీ నడుముకి చుట్టుకుని, టార్చిలైటు నా చేతికిచ్చి పరిగెత్తింది. ఎవరూ చూడలేదు. చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకి అందులో ఏం కనిపించి ఉండదు, ఒక పెద్దావిడ ఎవరినో అందుకోవడానికి వెళ్తోంది అనుకుని ఉంటారు. ఆ చివర నిలబడి ఆయాసపడుతున్న ఆవిడని, "ఈరోజు కూరేంటి పిన్నీ?" అని అడిగా. జవాబు రాలేదు. చెయ్యి ఊపింది, ఆగవే అని.

నాకు అయిదు కిలోమీటర్లు పూర్తయింది పదకొండో వారంలో. ప్లాన్ తొమ్మిది వారాలే అయినా జూలై ఉక్కలో రెండు వారాలు ముందుకి సాగలేదు. మన తీరంలో గాలి తడితడిగా ఉంటుంది, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అలాంటి రోజు వేగం తగ్గించుకోవడమే, పట్టుదలకి పోయి లాభం లేదు. నలభై మూడు నిమిషాలు పట్టింది నాకు. అదే టైంలో నేవీ కుర్రాళ్లు వెళ్లి, తిరిగొచ్చి, జావ తాగి వెళ్లిపోయారు.

ఆన్‌కాల్ వారం ఇప్పటికీ వస్తుంది. ఫోన్ మోగితే గుండె ఇప్పటికీ ఎగురుతుంది. పరుగు మందేమీ కాదు, కౌన్సెలింగ్ కూడా నేను మానలేదు. కాకపోతే దడ వచ్చినప్పుడు మెడ మీద వేళ్లు పెట్టి కూర్చోవడం అలవాటైంది. ఫుట్‌పాత్ మీద చూసినట్టే, మెట్లు దిగేదాకా చూస్తా. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. లిఫ్ట్ కోసం నిలబడటం మాత్రం ఆపేశా.

ఆదివారాలు ఇప్పుడు ఇంకొంచెం ముందుకి, అప్పూఘర్ మీదుగా తెన్నేటి పార్కు దాకా వెళ్తున్నాం. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ ఓడ రాళ్ల మీద కూరుకుపోయింది ఇక్కడే. ఊరంతా వచ్చి ఫొటోలు దిగింది. ఇక్కడ బారికేడ్ల రక్షణ ఉండదు, బస్సులు పక్కనుంచే పోతాయి, రోడ్డు ఎక్కుతుంది, మలుపు తిరుగుతుంది. వెళ్లేటప్పుడు వీపుని తోసిన గాలి వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. జోడుగుళ్లపాలెం వైపు ఇసుకలో జాలర్లు వలలు సర్దుకుంటుంటారు. వాళ్ల పొద్దు మాకంటే ఎప్పుడో ముందే మొదలై ఉంటుంది.

ఆ పైనే కైలాసగిరి. కొండ మీదికి వెళ్లే ఘాట్ రోడ్డుని కింద నుంచి చూస్తేనే నాకు అరచేతులు చల్లబడతాయి. వచ్చే ఆదివారం మొదటి మలుపు దాకా వెళ్దామని అనుకున్నాం. నోట్స్‌లో ఎడమ పక్క లైను ఇప్పటికే రాసి పెట్టుకున్నా, కొంచెం పెద్దదే. పిన్ని మాత్రం తను రోప్‌వేలో వస్తానని, పైన కలుస్తానని అంటోంది. మేం చేరేసరికి అది కూడా తెరుస్తారులే.